పసరులో ఏమీ లేదని రాసిన కాగితం

పోతిరెడ్డిపల్లిలో మేము కిరాయికి ఉన్న ఇంటి యజమానురాలికి ఒక ఇనుప మూకుడు ఉండేది. రెండు చెవులు, నూనె పట్టి నల్లగా నిగనిగలాడే లోపలి భాగం, బరువు మూడు కిలోలకు నూట ఇరవై గ్రాములు తక్కువ. ఆ బరువు నేను స్వయంగా తూచి చూసినది. ఎందుకు తూచవలసి వచ్చిందో ముందు చెప్పాలి, ఎందుకంటే తరువాత జరిగినదంతా ఆ మూకుడుతోనే మొదలైంది.

నేను కోస్తా జిల్లా నుంచి వచ్చి, బొల్లారంలో మందుల ముడి పొడులు తయారుచేసే ఒక కర్మాగారంలో, పరీక్షల విభాగంలో పనిచేసేవాణ్ణి. ఒక పదార్థం చేతికి వస్తే అందులో ఏముండాలో, ఏముండకూడదో పట్టికలో చూసి, ఒక్కొక్కటీ పరీక్షించి, సరిపోయిందనో సరిపోలేదనో రాసి సంతకం చేయడం నా పని. తొంభైల మొదట్లో మా ఆవిడ గర్భవతి. సంగారెడ్డి ఆసుపత్రిలో రక్తం పరీక్షించి హిమోగ్లోబిన్ ఎనిమిది దగ్గరే ఉందన్నారు, ఇనుము బిళ్లలు రాసిచ్చారు. బిళ్ల వేసుకున్న ప్రతిసారీ ఆమెకు వాంతి అయ్యేది.

ఇంటి యజమానురాలు యాభై దాటిన మనిషి. భర్త పోయాడు. ఒక కొడుకు, ఒక కూతురు. మేము ఆమెను పెద్దమ్మా అని పిలిచేవాళ్లం. ఆమె నన్ను సారూ అంటూనే నువ్వు అనేది. ఒకరోజు మా వంటింటి గడపలో నిలబడి మా అల్యూమినియం గిన్నెలను చాలాసేపు చూసింది.

“గీ తెల్ల గిన్నెలల్ల వండుకొని తింటె రక్తం యాడికెళ్లి పడ్తది బిడ్డా? నా మూకుడు తీస్కో. చింతపులుసు పోసి తోటకూర వండు. నెల దినాలు పోనియ్, మొకం ఎట్ల ఎర్రవడ్తదో సూడు.”

ఆమె వెళ్లాక నేను నవ్వాను. మా ఆవిడ నవ్వలేదు.

“పరీక్షలు చేసే మనిషేగా మీరు? చేసి చూశాక నవ్వండి” అంది.

చేసి చూశాను. ఒకే చింతపండు, ఒకే ఉప్పు, నలభై నిమిషాలు మంట. ఒక పులుసు ఇనుప మూకుడులో, ఒకటి స్టీలు గిన్నెలో. మూకుడును వంటకు ముందూ తరువాతా పక్కనున్న కిరాణా కొట్టు త్రాసులో తూచాను. ఆ త్రాసుకు తేడా అందలేదు. రెండు పులుసులనూ చిన్న సీసాల్లో ప్రయోగశాలకు తీసుకెళ్లి, గాజు గొట్టాల్లో పోసి ఆమ్లం కలిపి, ఇనుమును పట్టిచ్చే ద్రావణం బొట్లు వేశాను. స్టీలు గిన్నెలోది లేత గులాబీ దాటలేదు. మూకుడులోది అచ్చంగా నెత్తురు రంగుకు తిరిగింది.

ఆ ఎర్రదనం పెద్దమ్మకు చూపించాలనిపించి, ఆ గొట్టాన్ని బిరడా బిగించి కంపెనీ బస్సులో ఇంటికి తెచ్చాను. పులుసులోకి ఇనుము దిగుతోందన్నది నిజమని, అందులో ఎంత ఒంటికి పడుతుందో నా పరీక్ష చెప్పదని కూడా అన్నాను. ఆమె రెండో మాట వినలేదు. గొట్టాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకుని, వాకిట్లోకి వెళ్లి, ఎదురింటి ఆడవాళ్లను పిలిచింది.

“సూసిన్రా? సార్ మిషన్ గుడ నా మాటే ఒప్పుకున్నది!”

మా ఆవిడ హిమోగ్లోబిన్ ప్రసవానికి ముందు పదికి చేరింది. బిళ్లలు కూడా అప్పటికి పడుతున్నాయి కనుక, ఎంత మూకుడు వల్ల, ఎంత బిళ్లల వల్ల అన్నది నేను విడదీయలేను. కానీ ఆ వీధిలో ఆ రోజు నుంచి నేను ‘మిషన్ సార్’నయ్యాను. తేనె కల్తీదా, పసుపులో రంగు కలిపారా, పాలలో నీళ్లెన్ని, అన్నీ చిన్న సీసాల్లో నా దగ్గరికి వచ్చేవి. నేను వద్దనలేదు. ఆ పని నాకు బాగుండేది.

నాలుగైదేళ్ల తరువాత పెద్దమ్మ కొడుక్కి జ్వరం వచ్చింది. ఇరవై నాలుగేళ్లవాడు. అతడూ బొల్లారంలోనే, వేరే కంపెనీలో, ఆరబెట్టిన పొడిని డ్రమ్ములకెత్తే గదిలో షిఫ్టుల మీద పనిచేసేవాడు. కంపెనీ డిస్పెన్సరీలో ఏవో బిళ్లలిచ్చారు, జ్వరం తగ్గింది. తగ్గిన మూడో రోజు కళ్లు పచ్చగా కనిపించాయి. మెట్లెక్కితే ఆయాసం.

“పసిరికలు” అని, కామెర్లకు అక్కడి పేరుతో తేల్చేసింది పెద్దమ్మ. “రక్తం పచ్చవడ్డది. పసరు వోయించాలె.”

వెలిమెల వైపు ఒక పల్లెలో పసరు పోసే ముసలాయన ఉండేవాడు. గురువారం, ఆదివారం పొద్దున్నే పరగడుపున వెళ్లాలి. మూడు మోతాదులు. మందు నడిచినన్నాళ్లూ ఉప్పు, నూనె ముట్టకూడదు. ఆయన ఎవరి దగ్గరా ఏమీ తీసుకోడు, తీసుకుంటే మందు పనిచేయదని నమ్మకం. ఆకు పేరూ చెప్పడు, చెప్తే గుణం పోతుందని.

మొదటి మోతాదు గురువారం తాగిన కొడుకు దారిలోనే కక్కుకున్నాడు. ఆదివారం మళ్లీ తాగనని ఆ రోజే మొండికేశాడు. పెద్దమ్మ ఆ ముసలాయనను బతిమాలి, ఒక చిన్న సీసాలో పసరు పట్టుకుని వచ్చి నా చేతిలో పెట్టింది.

“వీడు తాగనంటుండు సారూ. ఏం కలిపిండో ఏమో అంటుండు. జెర నీ మిషన్ల పెట్టి సూడు. నువ్వు మంచిదంటె తాగుతడట.”

కొడుకు పక్కనే మంచం మీద పడుకుని ఉన్నాడు. “అవ్ సార్” అన్నాడు. “మీరు చెప్తే తాగుత. లేకుంటె మా అమ్మ నన్ను గేదెకు మందు పోసినట్లు గొట్టం పెట్టి పోస్తది.”

“పోస్త. నీ నోట్ల గాదు, ముక్కుల పోస్త” అంది పెద్దమ్మ.

శుక్రవారం టీ విరామంలో మొదలుపెట్టాను. మా ప్రాంతంలో నాటు మందులంటే నాకు రెండే భయాలుండేవి: సీసం, ఆర్సెనిక్ వంటి విషపు లోహాలు కలిసి ఉండటం, తొందరగా గుణం కనిపించాలని దంచిన స్టెరాయిడ్ బిళ్లలు కలపడం. ఆ రెండింటికీ నా దగ్గర పద్ధతులున్నాయి. లోహాలు పరిమితి లోపలే ఉన్నాయి. పూత పూసిన పలక మీద పసరు చుక్కను, స్టెరాయిడ్ చుక్కను పక్కపక్కన పెట్టి పైకి పాకనిచ్చాను; ఒకే పదార్థమైతే మచ్చలు ఒకే ఎత్తులో ఆగుతాయి. స్టెరాయిడ్ పాకిన ఎత్తులో పసరు వరుసలో ఏమీ రాలేదు. వేరే ఎత్తులో ఒక నారింజ పసుపు మచ్చ వచ్చింది. ఆకు రంగై ఉంటుందనుకున్నాను. శనివారం పొద్దున చూస్తే పసరును వడకట్టిన కాగితం అంచు కూడా నారింజ రంగుకు తిరిగి ఉంది. ముందురోజు అది ఆకుపచ్చగా ఉంది. నా పుస్తకంలో ఇలా రాశాను: ‘వడపోత కాగితం అంచున నారింజ రంగు. కారణం పరిశీలించలేదు.’

ఆ పుస్తకం ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

మిగిలిన పసరును మా అలవాటు ప్రకారం చిన్న సీసాలో మూత బిగించి, తేదీ చీటీ అంటించి ఫ్రిజ్‌లో పెట్టాను. పరీక్షించిన ప్రతిదాంట్లో కొంత దాచిపెట్టడం మా పనిలో నియమం. తరువాత ఒక తెల్లకాగితం మీద తెలుగులో రాశాను: ‘ఈ పసరులో విషపు లోహాలు పరిమితికి మించి లేవు. స్టెరాయిడ్ కనబడలేదు.’ కింద సంతకం, తేదీ. ఎవరూ అడగకపోయినా సంతకం పెట్టడం నాకు చేయి అలవాటు.

“ఏమున్నది సారూ అండ్ల?” అని అడిగింది పెద్దమ్మ.

“ఏమీ లేదు పెద్దమ్మా.”

“ఏం లేదంటె మంచిదే గద?”

అవునన్నాను. నేను వెతికినవి అందులో లేవు అనేదే నాకు తెలిసిన సంగతి. అవునన్నాను.

కొడుకు లేచి కూర్చున్నాడు. “ఇగ సార్ చెప్పినంక ఏముంటది” అన్నాడు. ఆదివారం ఒక దోసెడు తాగాడు. గురువారం ఇంకొక దోసెడు.

శుక్రవారం పొద్దున పెద్దమ్మ మా తలుపు కొట్టింది. కొడుకు మూత్రం నల్ల చాయ్ రంగులో ఉంది. పెదవులు సున్నం గోడలా పాలిపోయాయి. గుక్క తిప్పుకోలేకపోతున్నాడు. కంపెనీ బస్సు వదిలేసి, జీపు మాట్లాడుకుని, నేనూ పెద్దమ్మా అతణ్ణి నగరంలో పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్లాం. దారి పొడవునా ఆమె అతడి తల ఒళ్లో పెట్టుకుని నాకు ధైర్యం చెప్తూనే ఉంది.

“పరేషాన్ గాకు సారూ. మందు పనిజేస్తున్నది. లోపటి చెడంత నల్లగ బైటికి వోతున్నది.”

అక్కడి వైద్యుడు నా వయసువాడే. రక్తం ఒంట్లోనే విరిగిపోతోందని, కామెర్లు కాలేయం వల్ల కాదని, విరిగిన రక్తం వల్ల వచ్చిన పచ్చదనమని చెప్పారు. ఏమేం మింగాడని అడిగారు. డిస్పెన్సరీ బిళ్లల సంగతి, పొడి గది సంగతి, పసరు సంగతి చెప్పాను. పసరును నేను పరీక్షించానని కూడా చెప్పాను. అందులో కొంత గర్వం ఉండి ఉంటుంది.

“ఏం ఆకండీ అది?”

“తెలియదండీ.”

“మరి మీరు పరీక్షించిందేమిటి?”

ఆయన జవాబు కోసం ఆగలేదు, రక్తం సీసాకు చీటీ రాస్తున్నారు.

మూడు సీసాల రక్తం ఎక్కించారు. పన్నెండు రోజులకు మనిషి కోలుకున్నాడు. ఎర్ర రక్తకణాలను కాపాడే ఒక ఎంజైము కొందరిలో పుట్టుకతోనే తక్కువగా ఉంటుందని, అలాంటివారికి కొన్ని మందులు, కలరా ఉండల్లాంటి కొన్ని పదార్థాలు తగిలితే రక్తం ఇలా విరుగుతుందని వైద్యుడు వివరించారు. ఆ ఎంజైముకు పరీక్ష చేయించారు. మామూలుగానే ఉందని వచ్చింది. నేను ఊపిరి పీల్చుకునేలోపే ఆయన అన్నారు: “ఇప్పుడు దీన్ని నమ్మలేం. ఎంజైము తక్కువున్న పాత కణాలన్నీ విరిగిపోయాయి. ఇప్పుడున్నవి కొత్తవి, వాటిలో అది ఎక్కువే ఉంటుంది. పైగా ఎక్కించింది ఇతరుల రక్తం. మూడు నెలలాగి మళ్లీ చేయించండి.”

పరీక్ష సరైనదే, చేసిన సమయమే సరైనది కాదు. ఆ మాట నాకు తెలిసిన భాషలోనే ఉంది. నేను ఇంట్లో చెప్పాను, రెండుసార్లు గుర్తుచేశాను. కొడుకు మళ్లీ షిఫ్టుల్లో పడ్డాడు. “బాగనే ఉన్న గద సార్, ఇగ సూదులెందుకు?” అన్నాడు. పెద్దమ్మకైతే ఏ సందేహమూ లేదు. మూడు మోతాదులు పూర్తయ్యాయి, చెడు వెళ్లిపోయింది, కొడుకు బతికాడు. ఆసుపత్రి రక్తం బలానికి ఎక్కించారంతే.

ఆ ఏడు ఆషాఢంలో మా ఆవిడ గోరింటాకు రుబ్బింది. రుబ్బిన ముద్దను గుడ్డలో మూటగట్టి ఉంచితే, మరునాడు పొద్దున గుడ్డ అంచు నారింజ రంగులో ఉంది. ఆ గుడ్డను చేతిలో పట్టుకుని నేను చాలాసేపు పెరట్లో నిలబడ్డాను. బస్సు హారన్ కొడుతూనే ఉంది.

గుప్పెడు ఆకు ప్రయోగశాలకు తీసుకెళ్లాను. దాచిపెట్టిన పసరు సీసా అక్కడే ఉంది, లోపల గోధుమ రంగుకు తిరిగింది. రెండు చుక్కలూ ఒకే పలక మీద పక్కపక్కన పెట్టాను. నారింజ మచ్చలు రెండూ ఒకే ఎత్తులో ఆగాయి. ఇంకో ద్రావకంలో మళ్లీ చేశాను. మళ్లీ ఒకే ఎత్తు. ఆ పసరులో గోరింటాకు ఉంది. ఇంకేమైనా కూడా ఉందేమో నాకు తెలియదు.

ఆ శనివారం నగరంలోని వైద్య గ్రంథాలయానికి వెళ్లాను. గోరింటాకుకు రంగునిచ్చే పదార్థం రసాయనికంగా క్వినోన్ జాతికి చెందినది. ఆ జాతి పదార్థాలతో మా కర్మాగారంలో చేతి తొడుగులు లేకుండా ఎవరూ పనిచేయరు. ఆ ఎంజైము తక్కువున్నవారిలో అది ఎర్రకణాలను విరగ్గొట్టగలదని, పసిబిడ్డల ఒంటికి పూసినా అలా జరిగిన సందర్భాలున్నాయని చదివాను. మిగతావారికి సాధారణంగా పెద్ద ముప్పు కనబడలేదు. కామెర్లకు వాడే ఇతర ఆకుల గురించీ చూశాను. నేల ఉసిరి మీద కొంత పని జరిగింది, ఒకచోట ఆశ పుట్టించిన ఫలితం ఇంకోచోట నిలబడలేదు. కాలేయపు కామెర్లు చాలామందిలో కొన్ని వారాలకు వాటంతటవే తగ్గుతాయి. ఆ వారాల్లో పసరు తాగినవాడు పసరు వల్లనే తగ్గిందంటాడు. అది అబద్ధం చెప్పడం కాదు. వాడికి కనిపించింది అదే.

ఇంత తెలిసినా, ఆ కుర్రవాడి రక్తం దేనివల్ల విరిగిందో నేను చెప్పలేను. పొడి గదిలోని ధూళి ఉంది, జ్వరం ఉంది, పేరు తెలియని బిళ్లలున్నాయి, పసరు ఉంది. నాలుగూ పదిహేను రోజుల్లోపు వచ్చాయి. నాకు తెలిసింది ఒక్కటే. చివరి రెండు దోసెళ్లు నా సంతకం మీద తాగాడు.

పెద్దమ్మతో చెప్పడానికి ఒక సాయంత్రం వాకిట్లో కూర్చున్నాను. ఆమె బియ్యం చెరుగుతోంది.

“గోరింటాకా?” అంది. “గదేమన్న విషమా సారూ? పెండ్లిల చేతులకు వెట్టమా, కాళ్లకు వెట్టమా?”

“అందరికీ కాదు పెద్దమ్మా. కొందరి రక్తానికి పడదు. మీవాడి రక్తం అలాంటిదేమోనని అనుమానం. అది పుట్టుకతో వచ్చేది. మగపిల్లలకు తల్లి వైపు నుంచి వస్తుంది. మీ అమ్మాయికి పెళ్లి చేశారు కదా, రేపు ఆమెకు మగబిడ్డ పుడితే...”

చేట ఆగింది.

“ఏమంటున్నవ్ సారూ? నా రక్తంల దోషమున్నదంటున్నవా?”

“దోషం అని కాదు...”

“మరేంది? నేను ముగ్గురిని గన్న. ఒక్కడు పురిట్లనే పోయిండు. మా అత్త బతికున్నన్ని దినాలు గిదే మాటన్నది, నీ నెత్తురు మంచిది గాదని. ఇయ్యాల నువ్వంటున్నవ్. నా బిడ్డ అత్తగారింటికి గీ మాట తెలిస్తే దాని బతుకేంగావాలె?” గొంతు తగ్గించి అంది: “సారూ, నీకు దండం పెడ్త. గీ మాట గీ వాకిట్లనే వదిలెయ్.”

పురిట్లోనే పోయిన బిడ్డ మగబిడ్డా అని అడగాలనిపించింది. ‘పోయిండు’ అని ఆమే చెప్పింది. ఇంకేం అడుగుతాను? ఆ మాట ఆ వాకిట్లోనే వదిలేశాను. కూతురికి చెప్పలేదు, అల్లుడికి చెప్పలేదు. అప్పుడు దాన్ని మర్యాద అనుకున్నాను.

పసరు పోసే ముసలాయన దగ్గరికి మాత్రం వెళ్లాను. ఒక ఆదివారం పొద్దున ఆ పల్లె చేరేసరికి ఆయన ఇంటి అరుగు ముందు ఇరవై మంది పైగా వరుసలో ఉన్నారు. అరుగు గోడకు, ప్లాస్టిక్ పూత వేయించి, మేకుకు వేలాడదీసి ఉంది నా తెల్లకాగితం. పెద్దమ్మ కొడుకు కృతజ్ఞతతో తెచ్చి ఇచ్చాడట.

“గీయననే రాసింది!” అని పోతిరెడ్డిపల్లి మనిషి ఎవరో గుర్తుపట్టారు. వరుసలో ఒకామె పక్కకు జరిగి దారిచ్చింది. ఇంకొకాయన “సార్‌కు గుడ పసిరికలే? కండ్లు తెల్లగనే ఉన్నయి గద” అన్నాడు. నవ్వారు.

ముసలాయనను పక్కకు పిలిచి, మీ పసరులో గోరింటాకు ఉంది కదా అన్నాను. ఆయన అవుననలేదు, కాదనలేదు.

“పేరడుగొద్దు. పేరు చెప్తే గుణం వోతది.”

“కొందరికి అది ప్రాణం మీదికి వస్తుందండీ. ఒకడికి వచ్చింది కూడా.”

“నీ కంపెనీ మందులు అందరికీ పడ్తయా?”

“పడవు.”

“గట్లనే.” ఆయన గొంతులో కోపం లేదు. “సరే, ఎవలికి వొయ్యొద్దో చెప్పు. గాళ్లకు వొయ్య. మొకం సూసి ఎట్ల గుర్తువట్టాలె?”

ముఖం చూసి గుర్తుపట్టలేరు. నాడి చూసి, కన్ను చూసి, దేన్ని చూసీ గుర్తుపట్టలేరు. రక్తం తీసి పరీక్షించాలి, అదీ సమయం చూసి. ఆ పరీక్ష సంగారెడ్డిలో కూడా అప్పటికి లేదు. మగవాళ్లకు, పసివాళ్లకు అసలే పోయవద్దని మాత్రం అన్నాను. ఆయన తన ముందున్న వరుసను చూశాడు. అందులో సగానికి పైగా మగవాళ్లు. ఒకామె చంకలో బిడ్డ ఉన్నాడు.

కాగితం తిరిగి ఇమ్మన్నాను. మేకు నుంచి తీసి వెంటనే ఇచ్చేశాడు. “తీస్కపో సారూ. కాగితం సూసి నా తాన్కి ఎవలు రాలె” అన్నాడు. అది నిజమే. నేను అరుగు దిగేలోపు వరుస ముందుకు జరిగింది.

మరుసటి ఏడాది పెద్దమ్మ కూతురు కాన్పుకు పుట్టింటికి వచ్చింది. మగబిడ్డ పుట్టాడు. ఆసుపత్రి నుంచి మూడో రోజు ఇంటికి తెచ్చారు. నాలుగో రోజు సాయంత్రం నేను కంపెనీ బస్సు దిగి వాకిట్లోకి వచ్చేసరికి పెద్దమ్మ గడప మీద కాళ్లు చాచుకుని, బిడ్డను వాటి మధ్య పడుకోబెట్టుకుని కూర్చుంది. బిడ్డ ముఖం పసుపు పూసినట్టు ఉంది. అరికాళ్లు, అరచేతులు నారింజ రంగులో ఉన్నాయి.

“పొద్దుగాల పోయి ఆకు ముద్ద తెచ్చిన. నోట్ల వొయ్యలే సారూ, నువ్వు పసివాళ్లకు వొయ్యొద్దన్నవని గాయన చెప్పిండు. కాళ్లకు, చేతులకు పూసిన గంతే. నెత్తికి జెర.”

నా మాట అంతవరకు నిలిచింది. తాగించవద్దన్నాను, పూయవద్దని చెప్పలేదు.

నీళ్లు తెమ్మన్నాను. సబ్బు తెమ్మన్నాను. ఆ రంగు చర్మంలోని పదార్థంతో కలిసిపోతుందని, కడిగితే పోదని నాకు తెలుసు. కారణం కూడా తెలుసు. అయినా ఆ వేలెడంత పాదాన్ని చేతిలో పట్టుకుని రుద్దాను. బిడ్డ ఏడ్చాడు. పెద్దమ్మ నీళ్లు పోస్తోంది, నేను రుద్దుతున్నాను. బకెట్ ఖాళీ అయింది. పాదం ఎర్రబడింది, నారింజ రంగు అలాగే ఉంది.

“పోదు గద సారూ” అంది ఆమె నెమ్మదిగా. “గోరింటాకు గద. నెల దినాలుంటది.”

ఆమె నోటి వెంట ఆ ఆకు పేరు అప్పుడే మళ్లీ విన్నాను.

వెంటనే బయలుదేరదీశాను. నగరంలోని పిల్లల ఆసుపత్రిలో బిడ్డ రక్తాన్ని రెండుసార్లు మార్చారు. ప్రాణానికి భయం లేదని చెప్పడానికి ఆరు రోజులు పట్టింది. ఎంజైము పరీక్షకు మళ్లీ అదే మాట: రక్తం మార్చారు కనుక ఇప్పుడు తేలదు, తరువాత చేద్దాం. పసిబిడ్డలకు వచ్చే మామూలు కామెర్లే ముదిరాయా, రక్తమే అలాంటిదా, ఆకు ముద్ద వల్లనా అని అడిగాను. అక్కడి డాక్టరమ్మ చెప్పలేనన్నారు. పచ్చదనం అంత ఎక్కిన బిడ్డలకు ఒక్కోసారి వినికిడి పోతుందని, కనిపెట్టుకుని ఉండమని అన్నారు. ఆ మాట పక్కనే ఉన్న పెద్దమ్మ అల్లుడితో కాదు, నాతో అన్నారు. చదువుకున్నవాడిలా కనిపించాను కాబోలు.

ఆసుపత్రి వరండాలో పెద్దమ్మ నా పక్కన కూర్చుంది.

“సారూ, ఒక్క మాటడుగుత. అప్పట్ల నీ మిషన్ ఏం లేదన్నది గద. మరి గిదెందుకు తెల్వలే దానికి?”

ఆ గొంతులో ఎత్తిపొడుపు లేదు. తెలుసుకుందామనే అడిగింది.

“దాన్ని నేను ఆ మాట అడగలేదు పెద్దమ్మా. ఏది అడిగితే అదే చెప్తుంది.”

ఆమె ఆలోచించింది. తరువాత నా చేయి మీద చేయి వేసింది. “పోనియ్ తియ్. నీకేం తెల్సు, నాకేం తెల్సు” అంది. నన్ను ఓదార్చింది. నేను ఓదార్పు తీసుకున్నాను.

బిడ్డకు నాలుగో నెల. ఒక ఆదివారం పొద్దున పెద్దమ్మ పిలిచింది. కూతురు స్నానానికి వెళ్లింది. బిడ్డ చాప మీద వెల్లకిలా పడుకుని, కాళ్లు ఆడిస్తూ, పై కప్పు వైపు చూసి తనలో తాను నవ్వుకుంటున్నాడు. పాదాల రంగు ఎప్పుడో పోయింది. పెద్దమ్మ చేతిలో ఇనుప మూకుడు, ఇంకో చేతిలో గరిటె.

“పిలిస్తె తిరుగుతలేడు సారూ. తలుపు గట్టిగ కొట్టుకున్నా లేస్తలేడు. వీని తల్లికి చెప్పలే, ఏడుస్తదని. నాకు కండ్లు సక్కగ ఆనయి. నేను ఎనకకు నిలవడి కొడ్త. నువ్వు ముంగట కూసొని కండ్లు సూడు. రెప్ప కొట్టిండో లేదో సూసి చెప్పు.”

ఎలా చేయాలో ఆమెకు ఎవరు చెప్పారో తెలియదు. నీడ పడకుండా, గాలి తగలకుండా, బిడ్డకు కనిపించకుండా తల వెనుక రెండు మూరల దూరంలో నిలబడింది. నేను అంతకంటే బాగా ఏర్పాటు చేయలేను. బిడ్డ ముందు కూర్చున్నాను. వాడు నన్ను చూసి నోరంతా తెరిచి నవ్వాడు.

ఆమె కొట్టింది. నా పళ్ల దాకా తాకింది ఆ మోత.

“ఏమన్న కదిలిండా?”

బిడ్డ కళ్లు నా ముఖం మీదే ఉన్నాయి. రెప్ప పడలేదు.

“సారూ, కదిలిండా?”

“ఇంకోసారి కొట్టండి” అన్నాను.

ఆమె ఈసారి గరిటె పైకెత్తి, తన బలమంతా పెట్టి కొట్టింది. పెరట్లో కోళ్లు చెదిరాయి. ఎదురింటివాళ్లు వాకిట్లోకి వచ్చి ఏమైందని అడిగారు. స్నానాల గదిలో నీళ్ల చప్పుడు ఆగిపోయింది. బిడ్డ నా చొక్కా జేబులోని పెన్ను కోసం చేయి చాచాడు. పెద్దమ్మ మూకుడు పట్టుకుని నిలబడి, నేను ఏం చెప్తానా అని నా వైపే చూస్తోంది.